కొత్త జంట తొలి యూరప్ ప్రయాణం: సీమ నుంచి పారిస్, స్విస్, వెనిస్, రోమ్ ఎలా ప్లాన్ చేసుకోవాలి?

పెళ్లి ఖాయమైందంటే హనీమూన్ ఎక్కడికి అన్న మాట వెంటనే వస్తుంది. ఊటీ, కేరళ, బాలి దాటి ఇప్పుడు కర్నూలు, అనంతపురం, కడప పిల్లలు కూడా యూరప్ అంటున్నారు. మంచిదే. అయితే ఆ మాట బయటికి రాగానే ఎవరో ఒకరు ‘పది రోజుల్లో ఏడు దేశాలు’ అనే ప్యాకేజీ కాగితం తెచ్చి చేతిలో పెడతారు. పొద్దున్నే సూట్‌కేసు సర్దడం, రోజంతా బస్సులో కూర్చోవడం, ఈఫిల్ టవర్ ముందు ఒక అరగంట, మళ్లీ బస్సు. పెళ్లి అలసట ఇంకా ఒంట్లోనే ఉన్న జంటకు అది అస్సలు వద్దని నా గట్టి అభిప్రాయం. పన్నెండు రాత్రులు, నాలుగు ఊళ్లు. అంతకు మించొద్దు. ఇద్దరికీ ఇదే మొదటి విదేశీ ప్రయాణమైనా సొంతంగా ప్లాన్ చేసుకోవచ్చు. పనులు వరుస తప్పకుండా చేసుకుంటూ పోతే చాలు.

ముందు నెల తేల్చుకోండి

మన పంచాంగం, వాళ్ల వాతావరణం రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. మన వైపు పెళ్లిళ్లు ఎక్కువగా మాఘం, ఫాల్గుణం, వైశాఖం, జ్యేష్ఠం, శ్రావణాల్లో జరుగుతాయి. వైశాఖంలోనో జ్యేష్ఠంలోనో పెళ్లయితే వెంటనే యూరప్ ఎక్కాలని చూడకండి. ఆ రోజుల్లో వీసా అపాయింట్‌మెంట్లు దొరకడం కష్టం, అక్కడ హోటళ్ల రేట్లు మండిపోతుంటాయి, జులై, ఆగస్టుల్లో రోమ్ ఎండ మన కడప ఎండను గుర్తుచేస్తుంది. పైగా మధ్యలో ఆషాఢం. కొత్త కోడలు పుట్టింట్లో ఉండాలని పెద్దలు అంటారు.

ఆ ఆషాఢాన్ని కాగితాల పనికి వాడుకోండి. అమ్మాయి పుట్టింటి నుంచి, అబ్బాయి ఇంటి నుంచి బయలుదేరి హైదరాబాద్ వీసా సెంటర్ దగ్గర కలుసుకుంటే పెద్దలూ ఏమీ అనరు, పనీ జరుగుతుంది. శ్రావణంలో నోములు, వరలక్ష్మీ వ్రతం అయ్యాక, వినాయక చవితి చూసుకుని సెప్టెంబర్‌లో బయలుదేరితే అన్నీ కలిసొస్తాయి. సెప్టెంబర్‌లో పారిస్‌లో పగలు 20 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది, స్విస్ కొండల మీద రోప్‌వేలు నడుస్తుంటాయి, ఇటలీలో ఎండ తగ్గుముఖం పడుతుంది. మహాలయ పక్షంలో ప్రయాణం వద్దనే ఇల్లయితే ఆ తేదీలు ముందే పెద్దవాళ్లను అడిగి పక్కన పెట్టేయండి. టికెట్లు కొన్నాక ఆ మాట వస్తే ఇంట్లో అందరికీ టెన్షనే.

మాఘ, ఫాల్గుణాల్లో పెళ్లయినవాళ్లకు ఏప్రిల్ చివర, మే మొదటి వారాలు బాగుంటాయి. నవంబర్‌లో మాత్రం వద్దు. కొండల మీద చాలా కేబుల్ కార్లు మరమ్మతుల కోసం ఆపేస్తారు, పగలు కూడా చిన్నది.

దేశాలు కాదు, రాత్రులు లెక్కపెట్టండి

ఒక తెల్ల కాగితం తీసుకుని పన్నెండు గీతలు గీయండి. ఒక్కో గీత ఒక్కో రాత్రి. నేను సలహా ఇచ్చే వరుస ఇది: పారిస్ నాలుగు, స్విట్జర్లాండ్‌లో ఇంటర్‌లాకెన్ మూడు, వెనిస్ రెండు, రోమ్ మూడు. పారిస్‌లో దిగి రోమ్‌లో విమానం ఎక్కాలి. పోయిన దారిన వెనక్కి రావాల్సిన పని ఉండదు, ఒక పూర్తి రోజు మిగులుతుంది.

ఇంకో ఊరు చేర్చాలని మనసు లాగుతుంది. ఆమ్‌స్టర్‌డామ్ పారిస్‌కు రైల్లో మూడున్నర గంటల లోపే కదా, ఫ్లోరెన్స్ దారిలోనే ఉంది కదా అనిపిస్తుంది. కానీ ఊరు మారిన ప్రతిసారీ గది ఖాళీ చేయడం, స్టేషన్‌కు పోవడం, రైలు, కొత్త హోటల్ వెతుక్కోవడం, చెక్ ఇన్ అయ్యేదాకా సామాను ఎక్కడో పెట్టడం ఉంటాయి. ఒక రోజులో సగం దానికే పోతుంది. ఏదైనా ఊరు చేర్చాలంటే ఇంకో ఊరు తీసేయండి. లండన్ మీద మోజుంటే దానికి వీసా వేరే. బ్రిటన్ షెంజెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపులో లేదు, ఐర్లాండ్ కూడా లేదు.

ఈ రాత్రుల లెక్క వీసాకు కూడా ముఖ్యం. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే అప్లై చేయాలి. పైన చెప్పిన వరుసలో ఇటలీకి ఐదు రాత్రులు వచ్చాయి కాబట్టి మీది ఇటలీ వీసా అవుతుంది, దిగేది పారిస్‌లో అయినా సరే. రెండు దేశాలకు రాత్రులు సమానమైతే ముందు ఏ దేశంలో అడుగు పెడతారో దానికి అప్లై చేయాలి. స్లాట్లు త్వరగా దొరుకుతున్నాయని వేరే దేశానికి అప్లై చేసి, తర్వాత హోటళ్లు మార్చుకుందాం అనే సలహా ఎవరైనా ఇస్తే వినకండి. మీరు చెప్పింది ఒకటి, చేసేది ఒకటి అని తేలితే సరిహద్దులో ఆపేసే హక్కు వాళ్లకు ఉంటుంది.

పాస్‌పోర్టు, పెళ్లి సర్టిఫికెట్

పాస్‌పోర్టు పదేళ్ల లోపు ఇచ్చినదై ఉండాలి, మీరు షెంజెన్ దేశాల నుంచి బయటికొచ్చే తేదీ తర్వాత కనీసం మూడు నెలల గడువు ఉండాలి, రెండు పేజీలు ఖాళీగా ఉండాలి. పాస్‌పోర్టే లేకపోతే పెళ్లి చూపుల మరుసటి వారమే అప్లై చేయండి. పోస్టాఫీసుల్లో పెట్టిన పాస్‌పోర్టు సేవా కేంద్రాలు మన దగ్గరే ఉన్నాయి, దీనికోసం హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు.

మన సీమలో తరచూ కనిపించే చిక్కు ఒకటుంది. చాలామంది పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది, పేరంతా ఒకే గడిలో ఉంటుంది. ఆధార్‌లో ఇంటిపేరు ఒక అక్షరమే, పదో తరగతి సర్టిఫికెట్లో స్పెల్లింగ్ ఇంకోలా. విమాన టికెట్ మీద, ఇన్సూరెన్స్ మీద, వీసా ఫారం మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే సమయం ఉండగానే రీఇష్యూకు పెట్టి సరిచేసుకోండి. ఒకే పేరున్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద వచ్చేవాళ్లను దుబాయ్ లాంటి చోట్ల లోపలికి రానివ్వడం లేదు. తిరుగు ప్రయాణంలో అక్కడ ఒక రోజు ఆగాలనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

అమ్మాయి పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరే ఉంటే మార్చాలా అని అందరూ అడుగుతారు. అక్కర్లేదు. పెళ్లి సర్టిఫికెట్ ఉంటే ఆ పేరుతోనే హాయిగా పోవచ్చు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పెళ్లి రిజిస్టర్ చేయించుకోండి. శుభలేఖ, పెళ్లి ఫొటో, ఇద్దరి వయసు, చిరునామా ఆధారాలు, సాక్షులు కావాలి. చుట్టాలు ఇంకా ఊళ్లో ఉండగానే సాక్షులను వెంటబెట్టుకుని పోతే ఒక్కరోజు పని. అందరూ ఎవరి ఊళ్లకు వాళ్లు పోయాక మళ్లీ పిలిపించడం కష్టం.

వీసా: అసలు పని ఇక్కడే

షెంజెన్ వీసా ఒక్కటి తీసుకుంటే 29 దేశాల్లో తిరగొచ్చు. ఫ్రాన్స్, స్విట్జర్లాండ్, ఇటలీ మూడూ అందులోవే. ఫీజు పెద్దవాళ్లకు 90 యూరోలు, దాని మీద వీసా సెంటర్ సర్వీస్ చార్జీ. వీసా రాకపోయినా ఆ డబ్బు తిరిగిరాదు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, కనీసం 15 రోజుల ముందైనా చేయాలి. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, ఒక్కోసారి 45 రోజుల దాకా పడుతుంది. కాబట్టి సెప్టెంబర్ ప్రయాణానికి జూన్ చివర్లోనో జులైలోనో ఫైలు లోపలికి పోవాలి. ఇద్దరూ స్వయంగా పోయి వేలిముద్రలు ఇవ్వాలి. నిర్ణయం వచ్చేదాకా పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే ఉంటుంది.

కాగితాలు ఇవి: ఫారం, 35 బై 45 మిల్లీమీటర్ల ఫొటోలు, రానూపోనూ విమాన రిజర్వేషన్, ప్రతి రాత్రికీ హోటల్ బుకింగ్, ఊరి నుంచి ఊరికి ఎలా పోతారో చూపే రోజువారీ ప్లాన్, కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులు భరించే ట్రావెల్ ఇన్సూరెన్స్, బ్యాంక్ స్టేట్‌మెంట్లు, ఐటీ రిటర్నులు, ఉద్యోగులైతే పే స్లిప్పులు, సెలవు మంజూరు లెటర్, పెళ్లి సర్టిఫికెట్, వీటన్నిటినీ వివరించే కవరింగ్ లెటర్. ఎన్ని నెలల స్టేట్‌మెంట్, ఎన్నేళ్ల రిటర్నులు అనేది దేశాన్ని బట్టి మారుతుంది. మీరు అప్లై చేసే దేశం ఇచ్చిన చెక్‌లిస్టును ప్రింట్ తీసి, ఆ వరుసలోనే ఫైలు పెట్టండి.

హోటళ్లు ఉచితంగా రద్దు చేసుకునేవే బుక్ చేయండి. విమానానికి వీసా వచ్చేదాకా రిజర్వేషన్ చాలు.

ఇక బ్యాంక్ స్టేట్‌మెంట్ గురించి కాస్త నిదానంగా చెప్పాలి. మన పెళ్లిళ్లలో చదివింపులు వస్తాయి. పెళ్లయిన వారంలో ఆ డబ్బంతా ఒకేసారి అకౌంట్లో వేస్తారు. ఇప్పుడా స్టేట్‌మెంట్‌ను అక్కడి కాన్సులేట్ ఆఫీసర్ కళ్లతో చూడండి. ఐదు నెలలుగా జీతం 45 వేలు పడుతోంది, 40 వేలు ఖర్చవుతోంది, నిల్వ ఎప్పుడూ లక్ష దాటలేదు. ఆరో నెలలో ఒక మంగళవారం నాలుగున్నర లక్షల నగదు జమ. చదివింపులంటే ఏమిటో ఆయనకు తెలియదు. వీసా కోసం ఎవరి దగ్గరో అప్పు తెచ్చి చూపించారనే అనుకుంటాడు.

అందుకని మూడు పనులు చేయండి. ప్రయాణానికి సరిపడా డబ్బు పెళ్లికి ముందు నుంచే నెలనెలా అకౌంట్లో కనపడేలా చూసుకోండి. ఫిక్స్‌డ్ డిపాజిట్లు ఉంటే వాటి కాగితాలు జత చేయండి. చదివింపుల జమను దాచకండి. ‘ఫలానా తేదీన మా వివాహం జరిగింది, శుభలేఖ జతపరిచాం, మా సంప్రదాయం ప్రకారం బంధువులు ఇచ్చిన నగదు కానుకలు ఫలానా తేదీన జమ చేశాం’ అని కవరింగ్ లెటర్లో రెండు వాక్యాలు రాయండి. చదివింపుల పుస్తకంలో లెక్క ఉంటుంది కాబట్టి ఆ మొత్తం సరిగ్గా రాయడం కష్టం కాదు.

జీతం లేని ఇళ్లలో, అంటే వ్యవసాయమో వ్యాపారమో చేసేవాళ్లు, మాకు వీసా రాదేమో అని భయపడతారు. భయం వద్దు. చీనీ (బత్తాయి) తోట ఉంటే పట్టాదారు పాసుపుస్తకం, 1బీ (భూమి హక్కుల రికార్డు), మండీలో కాయలు అమ్మిన బిల్లులు, ఆ డబ్బు బ్యాంకులో పడిన ఆధారం పెట్టండి. తెలుగులో ఉన్న కాగితాలకు ఇంగ్లిష్ అనువాదం జత చేయించాలి. దుకాణమైతే జీఎస్టీ, ఉద్యమ్ రిజిస్ట్రేషన్. ఖర్చు నాన్నో మామగారో పెడుతుంటే ఆయన సంతకంతో స్పాన్సర్ లెటర్, ఆయన స్టేట్‌మెంట్లు, ఆయనకు మీరేమవుతారో చూపే ఆధారం ఉండాలి. అమ్మాయి ఉద్యోగం చేయకపోతే భర్త ఖర్చు పెడుతున్నట్టు అదే పద్ధతిలో చూపాలి. ఎవరి ఫైలు వాళ్లకు విడిగా, పూర్తిగా ఉండాలి. భర్త ఫైల్లో ఉంది కదా అని భార్య ఫైల్లో కాగితం వదిలేయకండి, రెండో కాపీ పెట్టండి.

ఆఫీసర్ ముఖ్యంగా చూసేది మీరు తిరిగొస్తారా లేదా అని. తిరిగి ఏ తేదీన ఉద్యోగంలో చేరతారో చెప్పే లెటర్, ఇంటి కాగితాలు, పొలం, ఇంట్లో ఆధారపడిన తల్లిదండ్రులు, ఇవన్నీ ఆ ప్రశ్నకు జవాబులే. వీసా సెంటర్లో కాగితాలు తీసుకునేవాళ్లకు నిర్ణయంతో సంబంధం లేదు. కాన్సులేట్ నిర్ణయిస్తుంది. అందుకే ‘గ్యారంటీగా వీసా ఇప్పిస్తా’ అనే ఏజెంటుకు డబ్బులివ్వకండి. నకిలీ స్టేట్‌మెంటో, నకిలీ సెలవు లెటరో పెట్టిస్తే ఆ మచ్చ మీ పాస్‌పోర్టు వెంట చాలా కాలం తిరుగుతుంది. నిజమైన కాగితాలతో తిరస్కరణ వస్తే కారణం రాసిస్తారు, అప్పీలు చేసుకోవచ్చు, లోపం సరిచేసి మళ్లీ అప్లై చేసుకోవచ్చు.

విమానం

టికెట్ వెతికేటప్పుడు రానూపోనూ అని కాకుండా మల్టీ సిటీ అని ఎంచుకోండి: పోయేటప్పుడు హైదరాబాద్ నుంచి పారిస్, వచ్చేటప్పుడు రోమ్ నుంచి హైదరాబాద్. రెండూ ఒకే టికెట్‌గా కొనాలి. విడివిడిగా కొంటే మధ్యలో ఒక విమానం ఆలస్యమైనప్పుడు రెండో కంపెనీకి మీతో సంబంధం ఉండదు.

కర్నూలు వాళ్లకు హైదరాబాద్ శంషాబాద్ విమానాశ్రయం, అనంతపురం వాళ్లకు బెంగళూరు దేవనహళ్లి విమానాశ్రయం దగ్గర. రెండూ 44వ నంబరు జాతీయ రహదారి మీదుగానే, రెండూ నగరం లోపలికి పోకముందే వస్తాయి. కడప వాళ్లకు చెన్నై, బెంగళూరు దాదాపు ఒకే దూరం. టికెట్ ధర చూసి నిర్ణయించుకోండి. గల్ఫ్ మీదుగా పోతే ఇమిగ్రేషన్ పారిస్‌లో జరుగుతుంది. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా పోతే ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే జరుగుతుంది కాబట్టి అక్కడ విమానం మారడానికి కనీసం రెండున్నర, మూడు గంటలు ఉండేలా చూడండి. 2025 అక్టోబర్ నుంచి సరిహద్దుల్లో ఈఈఎస్ అనే కొత్త పద్ధతి తెచ్చారు, స్టాంపు బదులు వేలిముద్రలు, ముఖం ఫొటో తీసుకుంటారు. మొదటిసారి పోయేవాళ్లకు కొంచెం ఎక్కువ సమయం పడుతుంది. హోటల్ బుకింగులు, తిరుగు టికెట్, ఇన్సూరెన్స్ ప్రింట్లు హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉంచుకోండి, అడిగితే చూపించాలి.

ఊరి నుంచి ఊరికి రైలే

ఈ వరుసలో లోపల విమానం అక్కర్లేదు. పారిస్‌లో గార్ ద లియోన్ స్టేషన్ నుంచి స్విస్ సరిహద్దు ఊరు బాసెల్‌కు టీజీవీ అనే ఫ్రాన్స్ హైస్పీడ్ రైల్లో మూడు గంటలు, అక్కడి నుంచి ఇంటర్‌లాకెన్‌కు రెండు గంటలు. ఇంటర్‌లాకెన్ నుంచి స్పీట్స్, మిలాన్ మీదుగా వెనిస్‌కు ఆరు గంటల పైన పడుతుంది. ఈ ప్లాన్‌లో పొడవైన ప్రయాణం ఇదొక్కటే, కానీ సరస్సులు, కొండలు కిటికీలోంచే కనిపిస్తాయి. వెనిస్ నుంచి రోమ్‌కు హైస్పీడ్ రైల్లో నాలుగు గంటలు. వీసా చేతికి రాగానే ఆ రోజే ఈ టికెట్లు కొనండి. టీజీవీ, ఇటలీ హైస్పీడ్ రైళ్ల ధర విమానం టికెట్ లాగే రోజులు గడిచేకొద్దీ పెరుగుతుంది. ఇటలీలో ట్రెనిటాలియా, ఇటాలో అని రెండు కంపెనీలున్నాయి, రెండింటి ధరలూ పోల్చి చూడండి.

మన స్టేషన్లకు అలవాటుపడినవాళ్లకు రెండు విషయాలు కొత్తగా ఉంటాయి. ప్లాట్‌ఫాం నంబరు బోర్డు మీద చివరి ఇరవై నిమిషాల్లోనే వస్తుంది. అప్పటిదాకా జనమంతా బోర్డు కింద తలలెత్తి నిలబడి ఉంటారు, నంబరు పడగానే కదులుతారు. టీజీవీ తలుపులు బయలుదేరే సమయానికి రెండు నిమిషాల ముందే మూసేస్తారు, కదిలే రైలు ఎక్కడం ఉండదు. రెండోది, కూలీలు ఉండరు. మీ పెట్టె మీరే ఎత్తి బోగీలో పెట్టుకోవాలి.

అందుకే సామాను విషయంలో అత్తగారింటి, పుట్టింటి మాటలు రెండూ ప్రేమగా విని, పెట్టె మాత్రం చిన్నదే తీసుకోండి. మనిషికి ఒక మధ్యరకం సూట్‌కేసు, ఒక భుజం సంచి. వెనిస్‌లో కార్లు, ఆటోలు ఉండవు. వంతెనలు దాదాపు అన్నీ మెట్లవే. శాంటా లూచియా స్టేషన్‌కు నడిచే దూరంలో, ఎక్కువ వంతెనలు దాటక్కర్లేని హోటల్ చూసుకోండి. పక్కనున్న మెస్ట్రేలో గదులు చౌకే, రైల్లో పది నిమిషాలే, కానీ పగటి జనం వెళ్లిపోయాక ఆ నీళ్ల వీధుల్లో ఇద్దరే నడవడానికే కదా అంత దూరం పోయేది. ఆ రెండు రాత్రులకు కొంచెం ఎక్కువ పెట్టండి.

ఇటలీలో చిన్న రైళ్లకు కాగితం టికెట్ కొంటే ఎక్కేముందు ప్లాట్‌ఫాం దగ్గరున్న మిషన్లో స్టాంపు వేయించుకోవాలి. మరిచిపోతే జరిమానా.

స్విస్‌లో ఒక్క కొండ చాలు

ఇంటర్‌లాకెన్ రెండు సరస్సుల మధ్య ఊరు. అక్కడి నుంచి లౌటర్‌బ్రునెన్ లోయకు రైల్లో ఇరవై నిమిషాలు. దాదాపు మూడు వందల మీటర్ల ఎత్తు నుంచి స్టౌబాక్ జలపాతం ఊరి ఇళ్ల వెనకే దూకుతుంటుంది. దానికి టికెట్ లేదు. ఒక పూట అక్కడే గడపండి.

యుంగ్‌ఫ్రౌయోక్ 3,454 మీటర్ల ఎత్తున ఉంది, యూరప్‌లో అన్నిటికంటే ఎత్తయిన రైల్వే స్టేషన్ అదే. కొండ కడుపులో సొరంగం తవ్వి వేసిన ఆ రైలు దారి 1912లో పూర్తయింది. ఇంటర్‌లాకెన్ నుంచి మామూలు టికెట్ మనిషికి 200 ఫ్రాంకులు దాటుతుంది. అందుకని టికెట్లు సగం ధరకు ఇచ్చే, నెల రోజులు చెల్లే హాఫ్ ఫేర్ కార్డు కొనుక్కుంటే లాభం. మూడు రాత్రుల్లో ఒక పెద్ద కొండ ఎక్కే జంటకు ఎక్కువసార్లు స్విస్ ట్రావెల్ పాస్ కంటే ఇదే కలిసొస్తుంది. లెక్క మీరే వేసి చూసుకోండి. తేదీ ముందే ఖాయం చేసుకోకండి. పొద్దున లేవగానే పైనున్న లైవ్ కెమెరాలు చూడండి. తెల్లగా పొగమంచు తప్ప ఏమీ కనిపించకపోతే ఆ రోజు బ్రియెంజ్ సరస్సులో పడవ ఎక్కి, కొండ మరుసటి రోజుకు పెట్టుకోండి. పైన గాలి పలచగా ఉంటుంది, నిదానంగా నడవాలి. పరిగెత్తి ఫొటోలు దిగితే తలనొప్పి వస్తుంది. పైన భారతీయ భోజనం దొరుకుతుంది.

పారిస్, రోమ్‌లలో ముందే కొనాల్సినవి

ఈఫిల్ టవర్ లిఫ్టు టికెట్లు రెండు నెలల ముందు నుంచి ఆన్‌లైన్‌లో పెడతారు, మంచి సమయాలు త్వరగా అయిపోతాయి. టికెట్ దొరక్కపోయినా బాధ పడకండి. చీకటి పడ్డాక ప్రతి గంటకూ ఐదు నిమిషాలు టవరంతా మిలమిల మెరుస్తుంది, ఎదురుగా ఉన్న ట్రొకాడెరో మెట్ల మీద కూర్చుని ఉచితంగా చూడొచ్చు. లూవ్ర్ మ్యూజియం మంగళవారం, వెర్సాయ్ రాజభవనం సోమవారం మూసి ఉంటాయి. రోమ్‌లో కొలోసియం టికెట్లు నెల ముందు నుంచి ఇస్తారు, టికెట్ మీద పేరు, మీ పాస్‌పోర్టు మీద పేరు కలవాలి. వాటికన్ మ్యూజియం నెలాఖరు ఆదివారం తప్ప మిగతా ఆదివారాలు ఉండదు. సెయింట్ పీటర్స్ చర్చిలోకి భుజాలు, మోకాళ్లు కప్పుకుని పోవాలి. అమ్మాయికి ఒక పలచని చున్నీ, అబ్బాయికి ప్యాంటు. రోజుకు ఒక్క పెద్ద చోటే పెట్టుకోండి. మిగతా పూట నడవడానికి, కూర్చోవడానికి.

డబ్బు

మధ్యరకం హోటళ్లు, రెండో తరగతి రైళ్లు, ఒక పూట రెస్టారెంటు, ఒక పూట సూపర్‌మార్కెట్ తిండి అనుకుంటే ఇద్దరికీ ఈ ప్రయాణం ఆరు లక్షల చుట్టుపక్కల అవుతుంది. విమానం, హోటళ్లే అందులో సగం పైన. స్విట్జర్లాండ్‌లో యూరోలు కాదు, ఫ్రాంకులు. ఫారెక్స్ కార్డులో రెండూ వేయించుకోండి, రెండో కార్డు ఒకటి వేరే సంచిలో పెట్టుకోండి. నగదు రెండు మూడు వందల యూరోలు చాలు. కార్డు గీకేటప్పుడు మిషన్ ‘రూపాయల్లో చెల్లిస్తారా’ అని అడుగుతుంది. వద్దని, యూరోల్లోనే నొక్కండి. రూపాయలంటే వాళ్లు వేసే మారకం రేటులో మీకే నష్టం. ఏటీఎం అయితే బ్యాంకు గోడకున్నదే వాడండి. ఫ్రాన్స్, ఇటలీ హోటళ్లలో మనిషికి, రాత్రికి ఇంత అని సిటీ ట్యాక్స్ విడిగా కట్టాలి. ట్రావెల్ ఏజెన్సీ ప్యాకేజీ కొంటే టీసీఎస్ (అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసే పన్ను) పట్టుకుంటారు. అది పోయిన డబ్బు కాదు, ఐటీ రిటర్నులో చూపించుకోవచ్చు.

ఈసిమ్ (ఫోన్లోనే డిజిటల్‌గా వేసుకునే సిమ్) కొనేటప్పుడు స్విట్జర్లాండ్ కలిసి ఉందో లేదో చూడండి. అది యూరోపియన్ యూనియన్‌లో లేదు కాబట్టి కొన్ని ప్లాన్లు అక్కడ పనిచేయవు. కొండ దిగాక మ్యాప్ ఆగిపోతే చిరాకు.

తిండి

మూడో రోజుకల్లా నాలుక కారం అడుగుతుంది. చెనిక్కాయల పొడి, నువ్వుల పొడి, కరివేపాకు కారం, చింతకాయ పచ్చడి గట్టిగా సీలు వేయించి పెట్టెలో పెట్టుకోండి. నెయ్యి, పాలకోవా, వేట మాంసం పచ్చడి మాత్రం వద్దు. బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం తేకూడదని యూరప్‌లో నిబంధన ఉంది, కస్టమ్స్ వాళ్లు చూస్తే పారేస్తారు. పచ్చి కరివేపాకు కూడా అంతే. అమ్మ ప్రేమతో కట్టిన నెయ్యి సీసా విమానాశ్రయం చెత్తబుట్టలో పడకుండా ఈ మాట ఇంట్లో ముందే చెప్పండి.

ఇంటర్‌లాకెన్‌లో చిన్న వంటగది ఉన్న గది తీసుకోండి. అక్కడ హోటల్ భోజనం చాలా ఖరీదు. కూప్, మిగ్రో సూపర్‌మార్కెట్లలో బియ్యం, కూరగాయలు, పెరుగు అన్నీ దొరుకుతాయి. ఆదివారం చాలావరకు మూసేస్తారు, శనివారమే తెచ్చుకోండి. అన్నం, పొడి, పెరుగుతో ఒక రాత్రి గడిస్తే మరుసటి రోజు పీజా కూడా రుచిగా ఉంటుంది. పారిస్‌లో గార్ దు నోర్ స్టేషన్ పక్కన లా షాపెల్ అనే పేటలో శ్రీలంక తమిళుల దుకాణాలు, ఇడ్లీ, దోసె హోటళ్లు ఉన్నాయి. శాకాహారులు ‘మాంసం వద్దు, చేప కూడా వద్దు’ అని విడిగా చెప్పాలి. ఇటలీలో కాఫీ నిలబడి తాగితే ఒక ధర, కూర్చుంటే ఇంకో ధర. కుళాయి నీళ్లు తాగొచ్చు. రోమ్ వీధుల్లో ఎప్పుడూ పారే చిన్న కుళాయిలు ఉంటాయి, సీసా పట్టుకుంటే సరిపోతుంది.

ప్లగ్గు మనది అక్కడ పట్టదు. స్విట్జర్లాండ్‌కు కూడా పనికొచ్చే అడాప్టర్ తీసుకోండి. బాత్రూముల్లో నీళ్ల పైపు ఉండదు కాబట్టి ఒక చిన్న మగ్గో సీసానో పెట్టుకోండి.

బంగారం ఇంట్లోనే

కొత్త పెళ్లికూతురు ఒంటి నిండా బంగారంతో పారిస్ మెట్రో ఎక్కకూడదు. సన్న నల్లపూసలు చాలు, మిగతాది లాకర్లో పెట్టి పోండి. పారిస్ మెట్రోలో, రోమ్ బస్సుల్లో జేబుదొంగలు ఎక్కువ, తలుపు మూసుకునే క్షణంలో ఫోను లాక్కుని దిగిపోతారు. పారిస్‌లో మోంమార్త్ గుట్ట మెట్ల దగ్గర చేతికి దారం కడతామని వచ్చేవాళ్లను, సంతకం పెట్టమని అట్ట పట్టుకొచ్చేవాళ్లను, కింద పడిన ఉంగరం మీదేనా అని అడిగేవాళ్లను పట్టించుకోకుండా నడుచుకుంటూ పోండి. పాస్‌పోర్టులు బట్టల లోపలి సంచిలో, ఫొటో కాపీలు పెట్టెలో, ఇంకో కాపీ ఇంట్లో అన్నయ్య దగ్గర. ఏ దేశంలోనైనా అత్యవసరానికి 112.

తిరిగొచ్చే రోజు

రోమ్‌లో టెర్మినీ స్టేషన్ నుంచి ఫ్యుమిచినో విమానాశ్రయానికి లియోనార్డో ఎక్స్‌ప్రెస్‌లో 32 నిమిషాలు. విమానానికి నాలుగు గంటల ముందే అక్కడుండండి. దుకాణాల్లో కొన్నవాటి మీద ట్యాక్స్ వెనక్కి తీసుకోవాలంటే కొనేటప్పుడే పాస్‌పోర్టు చూపించి ఫారం రాయించుకోవాలి. ఇటలీలో ఒక దుకాణంలో కనీసం 70 యూరోల పైన, ఫ్రాన్స్‌లో 100 యూరోల పైన కొని ఉండాలి. యూరోపియన్ యూనియన్ వదిలే చోట కస్టమ్స్ ధ్రువీకరణ చేయించుకోవాలి, ఇటలీలో కొన్నవాటికి అది రోమ్‌లోనే. పారిస్‌లో కొన్నవాటికి ఎక్కడ చేయించుకోవాలో, మధ్యలో స్విట్జర్లాండ్ వస్తుంది కాబట్టి, కొన్న దుకాణంలోనే అడిగి తెలుసుకోండి. ఆ వస్తువులు చూపించమని అడగొచ్చు. కాబట్టి ముందు కస్టమ్స్ కౌంటర్, ఆ తర్వాతే పెట్టె చెక్ ఇన్. రోమ్ నుంచి నేరుగా గల్ఫ్ మీదుగా వచ్చేవాళ్లకు ఇంకో అవకాశం ఉండదు.